ఓబులేసు మాటల మీద నా గొంతు

మొన్న ఒక ఆదివారం ఉదయం నేను వార్తాపత్రిక చదవడం ముగించి, మడతలు సరిచేసి బల్ల మీద పెడుతున్న సమయానికి వాకిట్లో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చెప్పులు మెట్టు కింద జతగా విడిచింది; అది నాకు నచ్చింది. పేరు లిఖిత. నా యౌవనంలో నాతో కలిసి వీడియోలు తీసి, ఆ తరువాత ఎక్కువ కాలం బతకని మిత్రుడు ఓబులేసు కూతురు. ఇక్కడే అనంతపురంలో ఇంటర్మీడియట్ చదువుతూ హాస్టల్లో ఉంటున్నది. బత్తలపల్లెలో వాళ్ళమ్మను పలకరించడానికి వెళ్ళినప్పుడల్లా నేను ఆ పిల్లకు చదువును గురించి నాలుగు మాటలు చెప్పి వచ్చేవాణ్ణి. ఆ పిల్ల తలవంచుకుని వినేది. మా ఇంటికి తానుగా రావడం అదే మొదలు. మంచినీళ్ళు వద్దన్నది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలోని ఫోను నా ముఖం ముందు పెట్టి, "పెద్దనాయనా, ఇది మీ గొంతే గదా?" అని అడిగింది.

తెర మీద ఎండిపోయిన చెరువు, దాని మధ్యలో చొప్పమోపు కట్టిన మోపెడు బండి, దాని మీద తలకు తువ్వాలు చుట్టుకున్న ఓబులేసు కనిపించారు. అతని పెదవులు చకచకా కదులుతున్నాయి. వినిపిస్తున్నది మాత్రం ముప్పై ఏళ్ళు కూడా నిండని నా గొంతు. "రెండవ పోటీదారుడు ప్రస్తుతము తన వాహనమును సరిచూసుకొనుచున్నాడు" అని చెబుతున్నాను. నాది కాదని ఎలా అనగలను?

"అన్నీ చూసినా పెద్దనాయనా. ఏడుండాయి. ఏడింట్లోనూ మా నాయన నోరాడతాండాది, మాట మీది వొస్తాండాది. మా యమ్మనడిగితే గొంతు ఎట్లుండెనో మర్సిపోయినానంటాది. మా నాయన మాట యాడుండాది?"

వెతికి చెబుతానన్నాను. ఆ మాట అంటున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. అది ఎక్కడా లేదు. లేకుండా చేసినది నేనే. ఎలా చేశానో, ఎందుకు చేశానో క్రమంగా రాయకపోతే నాకు నిద్ర పట్టేటట్లు లేదు కనుక రాస్తున్నాను.

మేము నలుగురం. డేవిడ్‌కు బత్తలపల్లెలో ధర్మవరం దారిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే అంగడి ఉండేది. పాత రెండు స్ట్రోకుల బండి ఒకటి విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, దాని నుంచి ఎవరూ ఊహించని వేగం రాబట్టాడు. రఫీ పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. కెమెరా, కంప్యూటరు అతనివే. ఓబులేసు గొర్రెలు కాచే ఇంటి నుంచి వచ్చినవాడు, ఎప్పుడూ ఏ పనిలోనూ కుదురుగా లేనివాడు. కానీ వాడు వీధిలోకి వచ్చి నోరు తెరిస్తే టీ అంగడి దగ్గర గ్లాసులు చేతుల్లోనే చల్లారిపోయేవి. ఇక నేను. అప్పటికి బి.ఎడ్. పూర్తి చేసి, ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతూ, సర్కారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. నన్ను ముగ్గురూ 'అయివారు' అనే పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం కొంత, ఎగతాళి కొంత ఉండేవి. నేను గౌరవాన్ని మాత్రమే తీసుకునేవాణ్ణి.

ఇంటర్నెట్లో ఎవరైనా వీడియో పెట్టవచ్చునని, లోకంలో ఎవరైనా దాన్ని చూడవచ్చునని రఫీ ఒకరోజు వార్త తెచ్చాడు. బండ్ల పందేలు డేవిడ్ కోరిక; నవ్వించడం ఓబులేసు కోరిక. రెండూ కలిపితే బాగుంటుందని నేను తేల్చాను. చోటు కోసం వెతుక్కోవలసిన అవసరం లేదు. ఊరి వెలుపలి చెరువులో వరుసగా ఎన్ని సంవత్సరాలు నీళ్ళు లేవో లెక్క మరిచిపోయిన కాలం అది. అడుగు రాయిలా గట్టిపడి, నెర్రెలు విచ్చి, కంపచెట్లు తప్ప మరేమీ లేకుండా ఉండేది. వానలు సరిగా కురిసిన సీమలో ఇలాంటి పందెపు బాట ఎవరికి దొరుకుతుంది? ఆ మాట ఓబులేసే అన్నాడు: "వాన దేవుడు మనకోసమే చెరువు ఆరబెట్టినాడప్పా. ఇంగ మనం తీయకపోతే పాపం తగులుతాది." మేము నవ్వాము. ఆ సంవత్సరం ఓబులేసు వాళ్ళ శెనక్కాయ పంట పూర్తిగా పోయింది.

నా స్వభావం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. మా నాయన ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు. తెల్లవారుజామున లేచి, గడియారానికి కీ ఇచ్చి, ఇంట్లోని చెప్పులన్నీ వరుసలో ఉన్నాయో లేవో చూసి, ఆ తరువాతే ముఖం కడుక్కునేవారు. భోజనం దగ్గర మాలో ఎవరి నోటనైనా 'యాడ' అన్న మాట వినిపిస్తే సంగటి ముద్ద ముందు నుంచి లేపి నిలబెట్టి, 'ఎక్కడ' అని పదిసార్లు అనిపించి, తిరిగి కూర్చోబెట్టేవారు. అప్పటికి సంగటి చల్లారి గట్టిపడిపోయేది. అమ్మ మాత్రం వంటింట్లో శెనక్కాయలు వేయించి ఊరిబిండి నూరుతూ తన పుట్టింటి మాటే మాట్లాడేది, గొంతు తగ్గించి. వేగిన పప్పుల కమ్మని వాసన, దానితో పాటు వచ్చే ఆ మెల్లని మాట, రెండూ నాయన పడక కుర్చీ దాకా వెళ్ళకూడదన్నట్లు తలుపు ఓరగా వేసి ఉండేది. నాకు ఆ రెండు గదుల్లో ఏది ఇష్టమని ఎవరైనా అడిగి ఉంటే వంటిల్లే అని చెప్పేవాణ్ణి. కానీ ఎవరిలా పెద్దవాణ్ణి కావాలని అడిగితే నాయనలా అనేవాణ్ణి. అలాగే అయ్యాను.

కాబట్టి వీడియోలకు కూడా నియమాలు పెట్టాను. ఆదివారం ఉదయం ఏడు గంటలకు అందరూ చెరువు కట్ట మీద ఉండాలి. నేను ఆరున్నరకే వెళ్ళేవాణ్ణి. డేవిడ్ ఎనిమిదికి, రఫీ ఎనిమిదిన్నరకు వచ్చేవారు. ఓబులేసు ఎప్పుడు వస్తాడో వాడికే తెలియదు. ఎండ నెత్తి మీదికి వచ్చాక, రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చి, "ఏమప్పా అయివారూ, హాజరు వేసినావా లేదా?" అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. సంభాషణలు రాసుకుని తెచ్చేవాణ్ణి. వాడు ఆ కాగితాన్ని భక్తిగా కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకుని, తన నోటికి వచ్చింది మాట్లాడేవాడు.

మొదటి వీడియో తీసిన ఆదివారం బాగా గుర్తున్నది. నేను దారం పట్టి, సున్నంతో ప్రారంభ రేఖ, ముగింపు రేఖ గీశాను. అవి కొలబద్దతో గీసినంత సూటిగా వచ్చాయి. డేవిడ్ బండికీ ఓబులేసు మోపెడుకూ పందెం. డేవిడ్ ఒక్క ఊపున దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు. ఓబులేసు చొప్పమోపుతో ఊగుతూ సగం దాకా వెళ్ళి, అక్కడ మోపెడు ఆపాడు. ఆ పక్కగా నిజంగానే ఒక ముసలి కాపరి గొర్రెలను తోలుకుని పోతున్నాడు. వీడు ఎంతో వినయంగా అతన్ని పిలిచి, "అన్నా, గెలిచే గీత యాడుండాదో చూసినావా?" అని అడిగాడు.

కాపరికి మేము ఏం చేస్తున్నామో తెలియదు. తన కర్ర మీద గడ్డం ఆనించి కొంతసేపు ఆలోచించి, "తెల్లంగా గీసినారే, అదా? నా గొర్రెలు తొక్కి పొయినాయప్పా. ఇప్పుడు యాడా లేదు" అన్నాడు.

"అట్లయితే నేను గెలిచినట్లా, ఓడినట్లా?"

"గీతే లేనప్పుడు గెలిచేదేమి, ఓడేదేమి? ఇంటికి పో నాయనా, ఎండ ఉండాది."

రఫీ నవ్వు ఆపుకోలేక కెమెరా అదరగొట్టాడు. డేవిడ్ దూరం నుంచి వెనక్కి వచ్చి, విషయం విని బండి మీద నుంచి కిందికి జారిపోయాడు. నాకు మాత్రం గొర్రెల కాళ్ళ కింద చెదిరిన నా సున్నపు గీత తప్ప మరేమీ కనబడలేదు. మళ్ళీ తీయాలన్నాను. మళ్ళీ ఎలా తీస్తామని ఎవరూ అడగలేదు. రఫీ కెమెరా సంచిలో పెట్టేశాడు.

ఆ రోజు రఫీ కంప్యూటరు ముందు కూర్చుని చూసినప్పుడు నాకు భయం వేసింది. ఇది లోకమంతా చూస్తుంది. మన సీమ మాట లోకం ఎక్కడ విన్నది? సినిమాలో బాంబు విసిరేవాడి నోట, వేటకొడవలి పట్టినవాడి నోట. ఇప్పుడు మేమే ముందుకు వచ్చి అదే మాట వినిపిస్తే మమ్మల్ని ఏమనుకుంటారు? అందువల్ల అసలు ధ్వని మొత్తం తీసివేయమని, దాని స్థానంలో నేను చక్కని తెలుగులో వ్యాఖ్యానం చదువుతానని చెప్పాను. రఫీకి నచ్చలేదు. కానీ గాలి హోరు, బండ్ల మోత మధ్య మాటలు ఎలాగూ స్పష్టంగా లేవని నేను వాదించి గెలిచాను. కాపరిని అడిగే ఘట్టంలో నా గొంతు ఇలా పలికింది: "మార్గమధ్యమున రెండవ పోటీదారుడు ఒక కాపరితో సంభాషించుచున్నాడు. పోటీలో ఏకాగ్రత ఎంత ముఖ్యమో వీక్షకులు గమనింతురు గాక."

పూర్తయినది అందరం కలిసి చూశాము. డేవిడ్ నేల చూశాడు. ఓబులేసు చాలాసేపు తెర వంకే చూసి, "బాగుండాది అయివారూ. ఎవురో నా నోట్లో దూరి కూర్చోని వార్తలు సదువుతాండేట్లుండాది" అన్నాడు.

"మన మాటలు వింటే నవ్వుతారు ఓబులేసూ."

"నగాలనే గదప్పా మనం తీసేది?"

నవ్వు వేరు, నగుబాటు వేరు అన్నాను. వాడు తలూపాడు. చదువుకున్నవాణ్ణి, నాకు తెలిసి ఉంటుందని నమ్మాడు. ఆ నమ్మకమే నన్ను ఇప్పుడు ఎక్కువగా బాధిస్తున్నది. వాడు ఎదురు తిరిగి ఒక్క మాట గట్టిగా అని ఉంటే బాగుండేది.

వీడియోను ఇంటర్నెట్లో పెట్టడం కూడా సులభమైన పని కాదు. పూర్తయిన దాన్ని తీసుకుని బస్సులో అనంతపురం వచ్చి, ప్లైవుడ్ గదుల ఇంటర్నెట్ సెంటరులో మధ్యాహ్నమంతా కూర్చునేవాణ్ణి. వెచ్చని యంత్రాల వాసన, పక్క గదిలో ఎవరో తింటున్న ఉగ్గాని వాసన కలిసి ఆ ఇరుకులో ఉక్కపోసేది. వీడియో ఎంతవరకు ఎక్కిందో చూపే నీలం గీత తెర మీద చీమలా పాకేది. మూడు వంతులు నిండాక కరెంటు పోయేది. మళ్ళీ మొదటి నుంచి. ఒక్క వీడియో కోసం నాలుగు వారాలు తిరిగిన సందర్భం ఉన్నది. ఇప్పుడు మా పాఠశాలలో నేను లాక్కుని బీరువాలో పెట్టే ఫోన్లలో పిల్లలు కడ బెంచీ మీద కూర్చుని తీసి, కడ బెంచీ మీద నుంచే లోకానికి పంపుతున్నారు. అదీ ఏ భాషలో? 'యాడికి పోతాండావురా' అనే భాషలో. దాన్ని వేలమంది చూసి, ఇంకా కావాలని అడుగుతున్నారు. ఒక పిల్లవాడి ఫోనులో అది చూసినప్పుడు నేను కేకలు వేశాను. ఎవరి మీద వేశానో ఆ పిల్లవాడికి తెలిసే అవకాశం లేదు.

మా వీడియోలను చూసినవారు చాలా తక్కువ. అయినా ఓబులేసు ప్రతి వారం అడిగేవాడు: "ఎవురన్నా ఏమన్నా రాసినారా అయివారూ?" ఖాతా నా పేరు మీదనే ఉండేది; తెరిచే మార్గం నాకొక్కడికే తెలుసు. ఎవరూ ఏమీ రాయలేదని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. ఒకరు రాశారు. కువైట్‌లో పనిచేసే మా జిల్లా మనిషి. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాశాడు. "అన్నా, ఆ టువాల కట్టిన మనిషి ఏం చెప్తాండాడో విననీండి. మధ్యలో ఆ వార్తలాయన ఎవరు? మన ఊరి మాట విని మూడేండ్లాయ" అని. నేను దానిని రెండుసార్లు చదివాను. చుట్టూ చూశాను. తొలగించాను. ఆ సాయంత్రం బత్తలపల్లెలో బస్సు దిగగానే ఓబులేసు ఎదురు వచ్చాడు. "రాసినారా?" అన్నాడు. "లేదు" అన్నాను. "రాస్తార్లే" అని వాడే నన్ను ఓదార్చాడు.

ఏడో వీడియో తరువాత మాకు మళ్ళీ కలవడం కుదరలేదు. నాకు కణేకల్ దగ్గర ఉద్యోగం వచ్చింది. ఆ వేసవిలోనే ఓబులేసుకు కామెర్లు వచ్చాయి. పసరు తాగుతూ వారాలు గడిపి, కళ్ళు పసుపుముద్దలయ్యాక పెద్దాసుపత్రికి తెచ్చారు. నేను వచ్చేసరికి వాడికి మాట పడిపోయింది. అప్పుడు కూడా నేనే మాట్లాడాను, ధైర్యంగా ఉండమని.

లిఖిత వచ్చి వెళ్ళిన తరువాత, లేదని తెలిసినా, ఇంట్లోని పాత డబ్బాలన్నీ దించాను. డిస్కులు దొరికాయి, అన్నింటిలోనూ నేనే. హిందూపురంలో స్థిరపడిన రఫీకి ఫోను చేశాను. కెమెరాలో తీసిన మొదటి టేపులు ఏమయ్యాయని అడిగాను.

"ఆ టేపులు ఇంగ యాడుంటాయప్పా! మనకేమన్నా కట్టలు కట్టలుండెనా? వాటిమీదనే ఎన్ని పెండ్లిండ్లు తీసినానో. ఓబులేసు మాట మీద ఎవురిదో తలంబ్రాల పాట ఉంటాది" అన్నాడు. తరువాత, "ఆ పొద్దు నేను గట్టిగా వద్దని ఉండాల్సింది" అన్నాడు. నా తప్పులో తానూ భాగం పంచుకోవాలని చూశాడు. నేను ఒప్పుకోలేదు.

మరుసటి ఆదివారం లిఖిత మళ్ళీ వచ్చింది, ఈసారి డేవిడ్‌ను వెంటబెట్టుకుని. డేవిడ్ తల పూర్తిగా నెరిసింది. చేతుల్లో గ్రీసు వాసన మాత్రం అలాగే ఉన్నది. నేను ఇద్దరినీ కూర్చోబెట్టి, వరుసగా చెప్పవలసినది వరుసగా చెప్పాను. మాటలు తీసివేయమన్నది నేను. టేపులు లేవు. కువైట్ మనిషి రాసినదాన్ని తొలగించినది కూడా నేనే. పాఠం అప్పగించినట్లు నిలబడి చెప్పాను. డేవిడ్ అన్నాడు.

"ఎవురూ రాయలేదంటివే. వాడు వారం వారం అడిగె గదప్పా."

"అవును."

"ఒక్కడు రాసినాడని తెలిసింటే వాడు ఊరంతా చెప్పుకోని తిరిగేవోడు."

లిఖిత కళ్ళు తుడుచుకుని, ఆఖరి వీడియో తెరిచింది. నా గొంతు మొదలైంది. డేవిడ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ గొంతు తీసేయ్ పాపా. ఈయన మాట్లాడతాంటే నాకేమీ గ్యాపకం రాదు."

ధ్వని ఆగిపోయింది. ప్రారంభ రేఖ దగ్గర రెండు బండ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఓబులేసు డేవిడ్ వైపు వంగి ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు, మీసం పట్టుకుని లాగి చూపిస్తున్నాడు. నేను ఆ చోట యంత్రాల శక్తి సామర్థ్యాలను గురించి వ్యాఖ్యానించి ఉంటాను. డేవిడ్ తెరకు దగ్గరగా జరిగాడు. ఆ పెదవులు కదిలినప్పుడల్లా తాను పలికాడు. తన గొంతుతో కాదు, ఓబులేసులా కొంచెం సాగదీసి, ముక్కుతో నవ్వుతూ.

"రేయ్ డేవిడూ, రాత్రంతా నిద్ర లేదురా. పుట్టి ఆర్నెల్లు కాలే, మీసం పట్టుకోని పీకుతాది. ఇడిసిపెట్టమంటే నగుతాది. ఇప్పుడు మీసం పీకుతాది, పెద్దదైతే ఈ మోపెడు పీకుతాది. నాకింగ నడకే గతి."

లిఖిత ఒక్కసారిగా నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకున్నది. వీడియో వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. డేవిడ్ మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి 'నడకే గతి' తరువాత "ఆ పాపకు నేర్పిస్తాలే, నాకన్నా బాగా తోలుతాది" అని ఇంకో మాట చేరింది. పెదవులు అక్కడ కూడా కదులుతున్నాయి. కానీ పదిహేడు సంవత్సరాల తరువాత ఒక మనిషికి ఇంత వివరంగా గుర్తుంటుందా? మొదటిసారి లేని మాట రెండోసారి ఎలా వచ్చింది? నిజంగా అన్నదేదో, డేవిడ్ కల్పించినదేదో విడదీయాలి కదా, ఆ పిల్లకు నిజం కావాలి కదా అనిపించింది. నేను గొంతు సవరించుకుని, "డేవిడ్, ఒక్క నిమిషం. ఆ రోజు నిజానికి..." అని మొదలుపెట్టాను.

లిఖిత తెర మీద నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి ఎత్తింది.

"మీరు రవ్వంతసేపు గమ్మునుండండి పెద్దనాయనా. మా నాయన మాట్లాడతాండాడు."